తిరిగొచ్చే వేళ నుంచి మొదలుపెట్టండి
(పసిపిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. చంటిపిల్లలతో వచ్చినవాళ్లు చాలామందే కనిపిస్తున్నారు. పిల్లలు ఏడిస్తే కంగారుపడి బయటికి పరిగెత్తకండి. వాళ్ల గురించి పెట్టుకున్న సభే ఇది. నేను కాస్త గొంతు పెంచుతాను, సరిపోతుంది.

నేను పనిచేసే బడిలో అందరూ ఐదేళ్ల లోపు పిల్లలే. వాళ్లని పార్కుకీ, జూకీ, మ్యూజియంకీ తీసుకెళ్లే పని నాకు ఎప్పుడూ ఉంటుంది. అందుకే తల్లిదండ్రులు నన్ను సలహా అడుగుతుంటారు. అందరూ మొదట అడిగేది ఒకటే. "పొద్దున ఎన్నింటికి బయల్దేరమంటారు?" నేను తిరిగి అడిగేదీ ఒకటే. "సాయంత్రం ఎన్నింటికల్లా ఇంట్లో ఉండాలి?" దీనికి చాలామంది దగ్గర జవాబు ఉండదు. "అన్నీ చూసుకుని వచ్చేస్తాం" అంటారు. అన్నీ అంటే ఏవి? ఎప్పటిదాకా? ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. పిల్లలతో బయటికి వెళ్లాలనుకుంటే లెక్క చివర నుంచి మొదలుపెట్టి వెనక్కి రండి.

ఎలాగో చూద్దాం. మూడేళ్ల పాప అనుకోండి. రాత్రి ఎనిమిదింటికి పడుకునే అలవాటు. ఏడింటికి భోజనం. ఆరున్నరకి స్నానం. అంటే ఆరింటికి మీరు గుమ్మంలో ఉండాలి. దారి గంట. ఐదింటికి బండి కదలాలి. ఐదింటికి కదలాలంటే నాలుగున్నరకే లేవాలి. ఎందుకు? చెప్పులు వెతకాలి, టాయిలెట్‌కి తీసుకెళ్లాలి, ఇంకొక్కసారి జారుడుబల్ల ఎక్కుతానంటుంది. ఈ అరగంటని ఎవరూ లెక్కలో వెయ్యరు. నేను తప్పకుండా వెయ్యమంటాను. ఇక మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా నిద్ర. దానికి ముందు భోజనం, ముప్పావుగంట. లేచాక మళ్లీ హుషారు రావడానికి ఓ అరగంట. పొద్దున తయారై, గంట ప్రయాణం చేసి, అక్కడికి చేరేసరికి తొమ్మిదిన్నర. ఇవన్నీ తీసేస్తే ఏం మిగిలింది? పొద్దున మూడు గంటలకి కాస్త తక్కువ, సాయంత్రం గంటన్నర. రోజంతా అక్కడే ఉంటాం అనుకున్నాం కదా, చేతికొచ్చింది నాలుగు గంటల చిల్లర. అందులో ఐదు చోట్లు చూపిద్దామని రాసుకుంటే, ఆ ఐదూ ఎవరి కోసం రాసుకున్నట్టు?

నిద్ర విషయంలో మాత్రం బేరాలాడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ల లోపు పిల్లలకి మార్గదర్శకాలు ఇచ్చింది. పగటి నిద్రతో కలిపి ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకి 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల పిల్లలకి 10 నుంచి 13 గంటలు నిద్ర ఉండాలంది. "ఒక్కరోజేగా, ఏమవుతుంది" అంటారు. ఏమవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. మధ్యాహ్నం నిద్ర పోగొట్టుకున్న పిల్ల సాయంత్రం ఐదున్నరకి బండిలో పావుగంట కునుకు తీస్తుంది. ఆ పావుగంట చాలు, రాత్రి పదకొండు దాకా ఇల్లంతా తిరగడానికి. తల ఊపుతున్నారు, అంటే అందరి ఇళ్లలోనూ జరుగుతున్నదే. కాబట్టి దారి గంట దాటేటట్టుంటే, ఆ ప్రయాణాన్ని నిద్రవేళలోకి జరపండి. పొద్దున్నే అక్కడుండి, ఒంటిగంటకి బయల్దేరితే దారంతా నిద్రపోతుంది. ఇంటికొచ్చాక సాయంత్రం మీ చేతిలో ఉంటుంది. నా మటుకు నాకు అన్నింటికంటే నచ్చిన పద్ధతి ఇదే, పూట ప్రయాణం.

ముగింపుకి ఎందుకింత ప్రాధాన్యం ఇస్తున్నాను? దీనికి ఒక ప్రయోగం గురించి చెప్పాలి. డేనియల్ కానెమన్ పేరు కొందరు వినే ఉంటారు. మనస్తత్వ శాస్త్రవేత్త, 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఆయనా, ఆయనతో పనిచేసినవాళ్లూ 1993లో ఒక ప్రయోగం ప్రచురించారు. మనుషుల్ని పిలిచి 14 డిగ్రీల చన్నీళ్లలో చెయ్యి పెట్టమన్నారు, 60 సెకన్లు. ఇంకోసారి అవే చన్నీళ్లు, అవే 60 సెకన్లు, దాని మీద ఇంకో 30 సెకన్లు. ఆ ఆఖరి 30 సెకన్లలో మాత్రం నీళ్లని మెల్లగా 15 డిగ్రీలకి తెచ్చారు. తర్వాత, ఈ రెండింటిలో ఏది మళ్లీ చేస్తారు అని అడిగారు. ఎక్కువమంది ఎంచుకున్నది ఏది? ఎక్కువసేపు ఉన్నదే. ఎక్కువ బాధ పడినా సరే, ముగింపు కాస్త సుఖంగా ఉంది కాబట్టి. మనకి గుర్తుండేది ఎంతసేపు జరిగిందన్నది కాదట, బాగా గట్టిగా తాకిన ఘడియా, ఆఖరి ఘడియా.

అది పెద్దవాళ్ల మీద చేసిన ప్రయోగం. నేను దాన్ని మనకే, తల్లిదండ్రులకే, వర్తింపజేస్తున్నాను. మళ్లీ పిల్లల్ని బయటికి తీసుకెళ్దామా వద్దా అని నిర్ణయించేది మనం. ఆ నిర్ణయం దేని మీద ఆధారపడుతోంది? ఆఖరి గంట మీద. పొద్దున అంత బాగా గడిచినా, ఆఖరి గంటంతా ఏడుపులూ అరుపులూ అయితే "ఇక చాలు, వీళ్లు పెద్దయ్యాకే" అనేస్తాం. ఒక్క గంట ముందు లేచి ఉంటే? పిల్ల ఇంకా నవ్వుతుండగానే లేస్తే? "ఇంకా బాగానే ఆడుకుంటోందిగా" అంటారు మీరు. బాగా ఆడుకుంటున్నప్పుడే లేవమంటున్నాను నేను.

లేవడం కూడా ఒక పద్ధతిలో జరగాలి. "ఇంకో ఐదు నిమిషాల్లో వెళ్దాం" అంటాం. మూడేళ్ల పిల్లకి ఐదు నిమిషాలంటే ఏం తెలుసు? "ఇంకో రెండుసార్లు జారు, తర్వాత బై చెప్పి వెళ్దాం" అనండి. రెండు అంటే దానికి తెలుసు. ఒకటి అయింది, ఇంకొకటి ఉంది, అని మీరూ పక్కన నిలబడి లెక్కపెట్టండి. రెండోది అయ్యాక మళ్లీ ఇంకొకటి ఇవ్వకండి. ఇచ్చారా, రెండు అన్న మాటకి ఆ తర్వాత విలువ ఉండదు. బండి ఎక్కగానే తినడానికి చేతికి ఏమన్నా ఇస్తామన్న సంగతి కూడా అప్పుడే చెప్పండి. ఆట పోతోందన్న దుఃఖంలో, ముందు ఇంకోటేదో ఉందని తెలియడం వాళ్లకి పెద్ద ఆసరా.

ఇప్పుడు, మిగిలిన ఆ నాలుగు గంటల్లో ఏం చూపించాలి? ఒక్కటి. రోజుకి ఒక్కటి. జూ అయితే జూ, నీటి ఒడ్డు అయితే నీటి ఒడ్డు.

ఒకసారి జూలో చూశాను. ఏనుగుల దగ్గర జనం గుంపుగా ఉన్నారు. ఒక తండ్రి, చంకలో కొడుకు, రెండేళ్లు దాటి ఉంటాయి. ఏనుగుకి ఎదురుగా పక్క దారిలో పనిమనిషి గొట్టం పట్టుకుని నేల కడుగుతున్నాడు. నీళ్లు ఎండుటాకుల్ని తోసుకుంటూ పోయి, జాలీ దగ్గర గిర్రున తిరిగి, ఆకులన్నీ జాలీకి అంటుకుపోతున్నాయి. ఆ పిల్లాడు తల వెనక్కి తిప్పి అదే చూస్తున్నాడు. తండ్రి గడ్డం పట్టుకుని ఏనుగు వైపు తిప్పుతాడు, వాడు మళ్లీ ఇటు తిప్పుకుంటాడు. "అదిగో ఏనుగు, చూడు ఏనుగు." పాపం ఆయన అంత దూరం వచ్చింది ఏనుగు చూపించడానికి. కానీ ఆ పిల్లాడికి అక్కడ ఏనుగు కదలకుండా నిలబడి ఉంది, నీళ్లేమో పని చేస్తున్నాయి! వాడికి నీళ్లు ఎటు పోతున్నాయో తెలుసుకోవాలని ఉంది. కిందికి దించితే జాలీ పక్కన కూర్చుని ఓ పావుగంట చూసేవాడు. ఆ పావుగంట మన ప్లాన్లో ఉండాలి. ఐదు చోట్లు రాసుకున్నవాళ్ల ప్లాన్లో ఆ పావుగంట ఉండదు. ఒక్కచోటు రాసుకున్నవాళ్ల దగ్గర ఉంటుంది.

పిల్లలకి ఏది కొత్త, ఏది పాత అన్నది మన లెక్కలో ఉండదు. తనంతట తెరుచుకునే తలుపు, మెట్ల పక్కన వాలు దారి, గులకరాళ్ల కుప్ప. టికెట్టు కొన్నాం కాబట్టి లోపలున్నవన్నీ చూడాలని వాళ్లకేం లేదు. మీరూ ఆ బెంగ వదిలేయండి.

ఇక ప్రయాణం సంగతి. పిల్లల్ని కదలనీయకుండా ఒకేచోట కూర్చోబెట్టడం ఒక్కసారికి గంట దాటకూడదని ఇందాక చెప్పిన మార్గదర్శకాల్లోనే ఉంది. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి దించండి. ఐదు నిమిషాలు చాలు, పరిగెత్తనివ్వండి. ఆ ఆగడాన్ని కూడా దారి లెక్కలో కలుపుకోండి.

కారులో కడుపులో తిప్పడం గురించి చాలామంది అడుగుతారు. అసలు ఎందుకు తిప్పుతుంది? లోపలి చెవి శరీరం కదులుతోందని మెదడుకి చెబుతుంది. కళ్లేమో ముందు సీటు వెనక భాగాన్నో, చేతిలో ఫోన్నో చూస్తూ, ఏం కదలట్లేదని చెబుతాయి. ఈ రెండు కబుర్లూ పొసగవు. రెండేళ్ల లోపు పిల్లల్లో ఇది అరుదు. ఆ తర్వాత మొదలై, బడి ఈడు పిల్లల్లో ఎక్కువగా ఉంటుంది. మరి ఏడవకుండా ఉంటారని చేతికి ఫోనిస్తే ఏమవుతుంది? కళ్లు చెప్పే అబద్ధాన్ని మనమే పెంచినట్టవుతుంది. దూరంగా ఉన్నవి చూపించండి, కొండ, చెట్టు, ముందు పోయే బండి. కిటికీ కొంచెం దించండి. బయల్దేరే ముందు కడుపు నిండా పెట్టకండి, ఖాళీ కడుపుతోనూ తీసుకెళ్లకండి. మందులు వాడాలంటే డాక్టర్ని అడిగే వాడండి. రెండేళ్ల లోపువాళ్లకి ఆ మందులు చాలావరకు పనికిరావు.

విమానంలో వెళ్లేవాళ్లకి ఒక్క మాట. దిగేటప్పుడు పిల్లలు ఏడుస్తారు, చెవి నొప్పి. చెవికీ గొంతుకీ మధ్య ఉండే సన్నటి నాళం పిల్లల్లో ఇంకా ఇరుగ్గా, ఇంకా అడ్డంగా ఉంటుంది. గాలి ఒత్తిడి మారినప్పుడు తొందరగా తెరుచుకోదు. మింగినప్పుడు తెరుచుకుంటుంది. అందుకని పాలు గానీ నీళ్లు గానీ ఎక్కగానే పట్టేయకుండా, విమానం దిగడం మొదలయ్యే దాకా ఆపండి. చక్రాలు నేలకి ఆనడానికి సుమారు అరగంట ముందు దిగడం మొదలవుతుంది. నిద్రపోతుంటే అప్పుడు లేపి పట్టండి.

కారు గురించి ఇంకొకటి, ఇది గట్టిగా చెబుతాను. పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని ప్రయాణం చేయకండి. ఢీకొన్నప్పుడు ఏ తల్లి చేతులూ పిల్లని పట్టి ఆపలేవు, ఎంత గట్టిగా పట్టుకున్నా సరే. వయసుకి తగ్గ పిల్లల సీటు వెనక వరసలో కట్టండి. చిన్నపిల్లలకి సీటు వెనక్కి తిరిగి ఉండాలి, ఆ సీటు ఎంత బరువూ ఎత్తూ దాకా ఒప్పుకుంటే అంతదాకా. రెండోది, ఆగిన కారులో పిల్లని ఒంటరిగా వదలకండి. "నిద్రపోతోంది, రెండు నిమిషాల్లో వస్తా." వద్దు. 2005లో వచ్చిన ఒక అధ్యయనం ఏం చెప్పిందంటే, బయట 22 డిగ్రీలున్న చల్లటి రోజున కూడా ఎండలో పెట్టిన కారు లోపల గంటలో 47 డిగ్రీల దాకా వెళ్లగలదు. పెరిగేదాంట్లో ఐదింట నాలుగు వంతులు మొదటి అరగంటలోనే పెరిగిపోతుంది. అద్దాలు కొంచెం దించినా తేడా పెద్దగా లేదు. పిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే చాలా త్వరగా వేడెక్కుతుంది.

సంచి గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. పిల్లకి రెండు జతల బట్టలు పెడతారు, మీకు ఒక చొక్కా పెట్టుకోరు. వాంతయ్యేది మీ భుజం మీదే కదా? పెట్టుకోండి. ఓఆర్ఎస్ పొట్లం ఉంచండి. దాని మీద ఎన్ని నీళ్లు రాసుంటే అన్ని నీళ్లలో పొట్లం మొత్తం కలపాలి, కొంచెం కొంచెం వేసి కాదు. కలిపినది ఒక్కరోజే వాడాలి. పల్లీలూ, గింజలూ, గుండ్రంగా ఉండే పళ్లూ ఐదేళ్ల లోపువాళ్లకి నడుస్తున్న బండిలో చేతికివ్వొద్దు. గొంతుకి అడ్డం పడితే ముందు సీట్లో ఉన్నవాళ్లకి తెలియను కూడా తెలియదు. ఆ పిల్లకి అరుపు రాదు.

ఇప్పుడు నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించే విషయానికి వస్తున్నాను. వెనక ఉన్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

పిల్లలు ఎప్పుడు తప్పిపోతారు? ఒక్క మనిషి ఒక్క పిల్లతో వెళ్లినప్పుడు కాదు. అమ్మానాన్నా, అమ్మమ్మా తాతయ్యా, పిన్నీ బాబాయీ, అందరూ కలిసి వెళ్లినప్పుడు. ఎందుకు? నాన్న చూస్తున్నాడని అమ్మ, అమ్మ చూస్తోందని నాన్న. ఇద్దరూ చూస్తున్నారని తాతయ్య. ఎవరూ చూడట్లేదు! దీనికి మేం బడిలో వాడే పద్ధతి ఒకటి ఉంది. పిల్లల బాధ్యత నోటితో చెప్పి మార్చుకుంటాం. "ఇప్పుడు నేను చూస్తున్నాను." అవతలివాళ్లు "సరే, నువ్వు చూస్తున్నావు" అనాలి. ఆ మాట వినపడేదాకా మొదటి మనిషి కళ్లు పక్కకి తిప్పకూడదు. నాన్న టికెట్ల కోసం వెళ్తున్నాడా, ముందు ఆ మాట. మొదట్లో ఇంట్లో నవ్వుతారు. నవ్వనివ్వండి, మీరు చెప్పడం మానకండి.

నీళ్ల దగ్గర ఇది ఇంకా ముఖ్యం. మునిగిపోయే పిల్ల చేతులు ఊపుతుంది, కేకలు వేస్తుంది అనుకుంటాం. చాలాసార్లు చప్పుడే ఉండదు. ఊపిరి తీసుకోవడానికే చాలదు, అరవడానికి ఎక్కడిది? నీళ్లు లోతుగా ఉండక్కర్లేదు, పసిపిల్లలకి అడుగు లోతు కూడా అక్కర్లేదు. చూస్తున్న మనిషి చెయ్యి చాస్తే పిల్ల అందాలి. అంత దగ్గర. ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు, ఫొటోల కోసం కూడా. ఫొటోలు రెండో మనిషి తీస్తారు.

బయల్దేరే ముందు గుమ్మంలో నిలబెట్టి పిల్లకి ఒక ఫొటో తీయండి, తల నుంచి చెప్పుల దాకా. తప్పిపోయిన పిల్ల ఏ బట్టలు వేసుకుందని అడిగితే, కంగారులో కన్నతల్లికి కూడా రంగు గుర్తు రాదు. ఫోన్ నంబరు పిల్ల ముంజేతి మీద పెన్నుతో రాయండి. మూడేళ్లు దాటినవాళ్లకి మీ పూర్తి పేరు నేర్పండి. గుంపులో "అమ్మా!" అంటే ఎంతమంది తల్లులు తిరిగి చూస్తారు? తప్పిపోతే కదలకుండా ఉన్నచోటే ఉండాలి, పేరు పెట్టి గట్టిగా పిలవాలి, అవసరమైతే పక్కన పిల్లలతో ఉన్న ఇంకో అమ్మని అడగాలి. ఈ మూడూ ఇంట్లో ఆటలా ఆడించండి, ముందురోజు కాదు, వారం ముందు నుంచి.

చాలామంది ఒక మాట అంటారు, నన్ను బాధపెట్టే మాట. "ఇంత చిన్నప్పుడు తీసుకెళ్లి ఏం లాభం, ఏం గుర్తుంటుంది?" నిజమే, పెద్దయ్యాక మనకి గుర్తుండే తొలి జ్ఞాపకం సగటున మూడు, మూడున్నరేళ్ల వయసుదట. కానీ పిల్లకి ఇప్పుడే ఏం గుర్తుండదని కాదు దానర్థం. పట్రీషియా బావర్ అని అమెరికాలో ఎమోరీ విశ్వవిద్యాలయం పరిశోధకురాలు. ఆవిడ బృందం మూడేళ్ల పిల్లలు తల్లులతో ఈ మధ్య జరిగినవాటి గురించి మాట్లాడుకుంటుంటే రికార్డు చేసింది. కొన్నేళ్ల తర్వాత అవే అడిగారు. ఐదు నుంచి ఏడేళ్ల వయసులో అడిగిన పిల్లలకి అందులో అరవై శాతం, అంతకంటే ఎక్కువే, గుర్తున్నాయి. ఎనిమిది, తొమ్మిదేళ్లకి వచ్చేసరికి నలభై శాతం లోపుకి పడిపోయాయి. అంటే వాళ్లకి గుర్తుంది, ఎన్నో ఏళ్లు గుర్తుంది, తర్వాత చెరిగింది. మూడేళ్లకి చూసినదాన్ని ఆరేళ్ల దాకా మోసుకు తిరిగిన పిల్లకి అది ఏం లాభం అంటే ఏం చెప్పను? ఆ మూడేళ్లూ దాని జీవితం కాదా?

తల్లిదండ్రులు ఎలా మాట్లాడతారన్నది కూడా జ్ఞాపకం నిలవడంలో పెద్ద పాత్ర వహిస్తుంది. మర్నాడు పొద్దున కూర్చోబెట్టి "నిన్న ఏనుగు చూశాం కదా?" అంటే పిల్ల "ఊ" అంటుంది. అంతటితో సరి. "నిన్న ఏం చూశావు?" అని ఆగండి. "ఆకులు తిరిగాయి" అంటుంది. "ఆ తర్వాత ఏమయ్యాయి?" అనండి. ఏనుగు వైపు లాక్కురాకండి. ఆకుల దగ్గరే ఉండండి, కథ దాని నోటి నుంచే రానివ్వండి.

చీటీలు వచ్చాయి, రెండు చదువుతాను. "ఐదు నెలల బాబుతో వెళ్లొచ్చా?" వెళ్లొచ్చు, ఆరోగ్యంగా ఉంటే. పాల వేళలే మీ ప్లాన్. ఆరు నెలల లోపు పిల్లలకి సన్‌స్క్రీన్ మీద ఆధారపడకండి, నీడ, టోపీ, పొడుగు చేతుల పల్చటి బట్టలు చాలు. స్ట్రోలర్ మీద దుప్పటి కప్పకండి, లోపల గాలాడక వేడెక్కిపోతుంది.

రెండోది. "పెద్దవాడికి ఎనిమిదేళ్లు, చిన్నదానికి రెండేళ్లు. ఒకడికి నచ్చేది ఇంకొకరికి నచ్చదు. ఏం చేయాలి?" మంచి ప్రశ్న. పొద్దున పూట చిన్నదాని ప్రకారం నడపండి, అందరూ కలిసి. చిన్నది పడుకునే వేళకి విడిపోండి. ఒకరు నీడలో దాని పక్కన కూర్చోండి, ఇంకొకరు పెద్దవాణ్ణి వాడు ఎంచుకున్నచోటికి తీసుకెళ్లండి. ఆ గంటన్నరా వాడి చెల్లెలు గురించి మాట్లాడొద్దు, "పెద్దవాడివి, సర్దుకో" అనొద్దు. ఎక్కడికెళ్లాలో ముందురోజే వాడితో కాగితం మీద రాయించండి. పోయినసారి ఎవరు వెళ్లారో చూసుకుని, ఈసారి రెండోవాళ్లు వాడితో వెళ్లండి.